ప్రతి వింత జంతువుకీ ఓ సొంతూరు

లేని జంతువు కొమ్ముకి రాజులు కోట ఖరీదు పోశారు. ఉన్న జంతువు చర్మాన్ని చేతికిస్తే, ఎవరో కుట్టి పంపారని పండితులు అనుమానించారు. మొదటిది ఏకశృంగం, రెండోది ప్లాటిపస్.

వింత జంతువుల ముచ్చట్లు ఎన్ని చదివినా ఒక సంగతి మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది. ఏ జంతువూ తాను పుట్టినచోట వింత కాదు. అక్కడి జాలరికో, పశువుల కాపరికో, వేటగాడికో దాని పేరు తెలుసు, అలవాట్లు తెలుసు. ఆ మాట ఓడలెక్కి, నోళ్ళు మారి, దేశాలు దాటేకొద్దీ ఆ జంతువుకి లేని కొమ్ములు మొలుస్తాయి, రెక్కలొస్తాయి. ఎవరైనా ఓపికగా దాని ఊరు వెతుక్కుంటూ వెళ్తే కథ కరిగిపోయి, రక్తమాంసాలున్న ప్రాణి ఎదురొస్తుంది. చాలాసార్లు ఆ ప్రాణి కథకన్నా వింతగా ఉంటుంది. అలాంటి కొన్నింటి సొంతూళ్ళు చూసొద్దాం.

ఏకశృంగం పుట్టిల్లు మన దేశమే

క్రీ.పూ. 400 ప్రాంతంలో క్టీసియస్ అనే గ్రీకు వైద్యుడు పారశీక చక్రవర్తి కొలువులో ఉండేవాడు. భారతదేశాన్ని అతను చూడలేదు. ఇక్కడి సంగతులు అక్కడివాళ్ళ నోట విని ఓ పుస్తకం రాశాడు. గుర్రమంత అడవిగాడిద, తెల్లటి ఒళ్ళు, ఎర్రటి తల, నుదుటిమీద ఒకే ఒక్క కొమ్ము అంటూ ఏకశృంగాన్ని వర్ణించింది అందులోనే. ఆ కొమ్ముతో చేసిన పాత్రలో తాగితే విషం ఎక్కదనీ రాశాడు. కొమ్ము ఒకటే కావడం, దానికి మందు గుణం ఉందనడం చూస్తే ఈ కథకి మూలం మన ఖడ్గమృగమేనని చాలామంది పండితుల అభిప్రాయం.

రోమన్ల కాలం తర్వాత ఐరోపా గడ్డమీద బతికున్న ఖడ్గమృగం మళ్ళీ కాలుపెట్టింది 1515 మే 20న. గుజరాత్ సుల్తాను రెండో ముజఫర్ షా పోర్చుగీసువాళ్ళకి కానుకగా ఇచ్చిన ఆ జంతువు గోవా నుంచి ఓడలో లిస్బన్ చేరింది. జర్మనీలో ఉన్న చిత్రకారుడు ఆల్బ్రెక్ట్ డ్యూరర్ దాన్ని చూడలేదు. తనదాకా వచ్చిన వర్ణన, ఒక గీతల బొమ్మ ఆధారంగా చెక్క అచ్చు తయారుచేశాడు. ఒంటినిండా యుద్ధకవచంలాంటి పలకలు వేశాడు, భుజాలమీద లేని రెండో కొమ్మునీ మొలిపించాడు. ఆ తప్పుల బొమ్మనే 200 ఏళ్ళకు పైగా ఐరోపా ఖడ్గమృగంగా నమ్మింది. అసలు జంతువు మాత్రం మరుసటి ఏడాదే పోపుకి కానుకగా వెళ్తూ, ఇటలీ తీరంలో ఓడ మునిగి గొలుసులతోనే నీటిపాలైంది.

సొంత అడవుల్లో దానికి మంచి రోజులే వచ్చాయి. వేటవల్ల ఒకప్పుడు కొన్ని వందలకి పడిపోయిన సంఖ్య, 2022 నాటికి భారత్, నేపాల్‌లలో కలిపి 4,000 దాటింది. వాటిలో ఎక్కువ భాగం అస్సాంలోని కాజీరంగాలోనే ఉన్నాయి.

రాజులు కొన్న పన్ను

మరి మధ్యయుగాల్లో రాజుల ఖజానాల్లో నిజంగానే ఉన్న ఆ పొడవాటి, మెలికలు తిరిగిన కొమ్ములు ఎక్కడివి? అవి కొమ్ములే కావు, పళ్ళు. ఆర్కిటిక్ సముద్రంలో తిరిగే నార్వాల్ అనే చిన్న తిమింగలానికి, ముఖ్యంగా మగదానికి, ఎడమ కోరపన్ను పై పెదవిని చీల్చుకుని సుమారు 3 మీటర్ల దాకా పెరుగుతుంది. గ్రీన్‌లాండ్ వేటగాళ్ళకి అది రోజూ చూసే జంతువే. ఆ పన్ను దక్షిణానికి చేరేసరికి ఏకశృంగం కొమ్మైపోయింది. ఇంగ్లండు రాణి మొదటి ఎలిజబెత్‌కి దక్కిన అలాంటి కొమ్ముకి అప్పట్లో 10,000 పౌండ్ల వెల కట్టారట. డెన్మార్క్ రాజులైతే ఈ దంతాలతో ఏకంగా సింహాసనమే చేయించుకున్నారు. అదిప్పటికీ కోపెన్‌హాగన్‌లో ఉంది.

అవి తిమింగలం దంతాలేనని 1638లో ఓలే వోర్మ్ అనే డేనిష్ వైద్యుడు తేల్చిచెప్పాడు. కథ అక్కడితో తేలిపోలేదు, ఇంకా చిక్కబడింది. ఆ దంతంలో లక్షల కొద్దీ నాడుల చివరలున్నాయనీ, సముద్రపు నీటిలో ఉప్పుదనం మారితే నార్వాల్‌కి దాంతో తెలుస్తుందనీ ఈ శతాబ్దపు పరిశోధనలు చెబుతున్నాయి.

ఓడల్ని మింగే క్రాకెన్

నార్వే జాలర్లు చెప్పుకునే సముద్ర భూతం క్రాకెన్. దీవి అనుకుని దానిమీద దిగితే మునిగిపోతుందని భయపడేవారు. బెర్గెన్ బిషప్ ఎరిక్ పాంటోపిడాన్ 18వ శతాబ్దం మధ్యలో తన ప్రకృతి గ్రంథంలో దాని గురించి వివరంగా రాశాడు. 1857లో డెన్మార్క్ శాస్త్రవేత్త జపెటస్ స్టీన్‌స్ట్రప్ ఒడ్డుకి కొట్టుకొచ్చిన ముక్కును పరిశీలించి, అది మహా స్క్విడ్ అనే ప్రాణిదని చెప్పి శాస్త్రీయ నామం పెట్టాడు. 1861లో అలెక్టాన్ అనే ఫ్రెంచి ఓడ సిబ్బంది అలాంటిదాన్ని తాళ్ళు వేసి పైకి లాగబోతే తోక ముక్క ఒక్కటే చేతికొచ్చింది. ఆ మాట విన్న పండితులు నవ్వారు.

అక్కడి నుంచి బతికున్న మహా స్క్విడ్‌ని దాని సొంత నీళ్ళలో ఫొటో తీయడానికి 143 ఏళ్ళు పట్టింది. జపాన్ శాస్త్రవేత్త సునెమి కుబొడెరా బృందం ఒగసవర దీవుల దగ్గర, స్పెర్మ్ తిమింగలాలు వేటకి దిగే చోటు చూసుకుని, ఎరకట్టిన కెమెరాను 900 మీటర్ల లోతుకి వదిలింది. 2004 సెప్టెంబరు 30న ఆ ఎరని పట్టుకున్న స్క్విడ్, చిక్కు విడిపించుకునే పెనుగులాటలో ఐదున్నర మీటర్ల చేతిని వదిలేసి వెళ్ళిపోయింది. 500కు పైగా ఫొటోలు దొరికాయి. దాని కన్ను అన్నం తినే పళ్ళెమంత, సుమారు 27 సెంటీమీటర్లు. చీకటి లోతుల్లో తిమింగలం రాకను దూరం నుంచే పసిగట్టడానికే అంత కన్నని శాస్త్రవేత్తల అంచనా.

బరువులో దాన్ని మించింది అంటార్కిటికా జలాల్లోని బ్రహ్మాండ స్క్విడ్. 2007లో రాస్ సముద్రంలో పడవకి చిక్కినదాని బరువు 495 కిలోలు. దానికి శాస్త్రీయ నామం పెట్టింది 1925లో. సముద్రపు లోతుల్లో బతికున్నదాన్ని కెమెరా మొదటిసారి చూసింది సరిగ్గా వందేళ్ళకి, 2025 మార్చిలో. అది కూడా 30 సెంటీమీటర్ల పిల్ల స్క్విడ్.

కొలంబస్ చూసిన మత్స్యకన్యలు

1493 జనవరిలో హిస్పానియోలా దీవి దగ్గర ముగ్గురు మత్స్యకన్యలు నీళ్ళలోంచి పైకి లేచారనీ, బొమ్మల్లో వేసినంత అందంగా మాత్రం లేరనీ కొలంబస్ ప్రయాణ దినచర్యలో నమోదైంది. అవి మనాటీలు, అంటే నీటి అడుగున గడ్డి మేసే, పిల్లలకి పాలిచ్చే సాధు జంతువులు. వాటి చుట్టమే మన పాక్ అఖాతంలో, అండమాన్ దగ్గర ఉండే డుగాంగ్. పాటలతో నావికుల్ని మాయచేసే గ్రీకు సైరెన్ల పేరుమీదే శాస్త్రవేత్తలు ఈ జంతువుల కుటుంబానికి సైరేనియా అని పేరు పెట్టారు.

ఈ కుటుంబంలో కన్నీరు పెట్టించే కథ ఒకటుంది. 1741లో బేరింగ్ సముద్రంలో ఓడ పగిలి ఒక దీవిలో చిక్కుకున్న నావికులతో గేయార్గ్ స్టెల్లర్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఉన్నాడు. అక్కడ అతను చూసిన సముద్రపు ఆవు పొడవు 8 మీటర్లు, బరువు టన్నుల్లో ఉండేది. మనిషిని చూసి బెదిరేది కాదు. దాని మాంసం రుచి అని ఆ దారిన పోయే వేటగాళ్ళందరికీ తెలిసింది. 1768 నాటికి ఆ జాతిలో ఒక్కటీ మిగల్లేదు. మనకి తెలిసిన నాటి నుంచి అంతరించిన నాటికి మధ్య గడిచింది 27 ఏళ్ళే. ఆ గతి మన డుగాంగ్‌కి పట్టకూడదనే తమిళనాడు ప్రభుత్వం 2022లో పాక్ అఖాతంలో 448 చదరపు కిలోమీటర్ల సముద్రాన్ని వాటికోసం ప్రత్యేకించింది.

ఎముకలు చెప్పిన కథలు

సిసిలీ గుహల్లో పూర్వం పెద్ద పుర్రెలు దొరికేవి. ముఖం మధ్యలో ఒకే పెద్ద బొక్క. అది మీటరు ఎత్తుండే మరుగుజ్జు ఏనుగుల పుర్రెల్లో తొండం మొదలయ్యే చోటు. ఏనుగునే చూడనివాడికి అది కంటిగుంతలాగే కనిపిస్తుంది. గ్రీకు కథల్లోని ఒంటికన్ను రాక్షసుడు సైక్లోప్స్ అలా పుట్టి ఉండొచ్చని 1914లో ఆస్ట్రియా శాస్త్రవేత్త ఒథేనియో ఆబెల్ ఊహించాడు. ఇది ఊహే, రుజువు కాదు. ఆస్ట్రియాలోనే క్లాగెన్‌ఫర్ట్ పట్టణం నడిబొడ్డున ఉన్న రెక్కల సర్పం విగ్రహానికి మాత్రం రుజువుంది. 14వ శతాబ్దంలో అక్కడ దొరికిన పుర్రెను నమూనాగా పెట్టుకుని శిల్పి 1590 ప్రాంతంలో దాని తల చెక్కాడు. అది మంచుయుగంనాటి బొచ్చు ఖడ్గమృగం పుర్రె అని 19వ శతాబ్దంలో తేలింది. ఆ పుర్రె ఇప్పటికీ ఆ ఊరి మ్యూజియంలోనే ఉంది.

తప్పు అనువాదంలో పుట్టిన మంచుమనిషి

1921లో ఎవరెస్టు దారి వెతకడానికి వెళ్ళిన బ్రిటిష్ బృందం మంచులో పెద్ద అడుగుజాడలు చూసింది. అవి 'మెతో కాంగ్మి'వని షెర్పాలు చెప్పారు. ఎలుగుబంటినీ మనిషినీ మంచునీ కలిపిన మాట అది. కలకత్తా పత్రికలో పనిచేసే హెన్రీ న్యూమన్ దాన్ని 'అసహ్యమైన మంచుమనిషి' అని ఇంగ్లీషులో రాశాడు. ఎలుగుబంటి మాయమైంది, భూతం మిగిలింది. ఎవరెస్టు ఎక్కిన ఎడ్మండ్ హిల్లరీ 1960లో ఈ మంచుమనిషిని, అంటే యెతిని వెతుకుతూ వెళ్ళి, ఖుమ్‌జుంగ్ గ్రామంలో భద్రపరచిన 'యెతి నెత్తి చర్మా'న్ని పరీక్షకి తెచ్చాడు. అది సెరో అనే కొండమేక చర్మంతో చేసిందని తేలింది. 2017లో షార్లట్ లిండ్‌క్విస్ట్ బృందం యెతివిగా చెలామణీ అవుతున్న 9 నమూనాలకి డీఎన్ఏ పరీక్ష చేసింది. ఎనిమిది ఎలుగుబంట్లవి, ఒకటి కుక్కది. షెర్పాల మాటలోని ఎలుగుబంటి దగ్గరికే శాస్త్రమూ తిరిగొచ్చింది.

స్కాట్లాండ్‌లోని లాక్ నెస్ సరస్సు భూతానిదీ ఇలాంటి దారే. 1934లో లోకమంతా చూసిన ఫొటో, బొమ్మ జలాంతర్గామికి మెడ అతికించి తీసిందని 1994లో బయటపడింది. 2018లో న్యూజీలాండ్ శాస్త్రవేత్త నీల్ గెమ్మెల్ ఆ సరస్సు నీటిలో కరిగిన డీఎన్ఏని వడగట్టి చూస్తే రాక్షసబల్లుల జాడ లేదు. పాములా సాగే మలుగు చేపల డీఎన్ఏ మాత్రం పుష్కలంగా దొరికింది.

గుడ్డు పెట్టి పాలిచ్చే జంతువు

ఇప్పుడు రెండో రకం కథలు. ఇవి మనిషి కల్పించినవి కావు, నమ్మనన్నవి. 18వ శతాబ్దం చివర ఆస్ట్రేలియా నుంచి ఇంగ్లండుకి ఒక ఎండబెట్టిన చర్మం వచ్చింది. బాతు ముక్కు, బీవర్‌లాంటి పలక తోక, నీటికుక్కలాంటి జుట్టు. 1799లో దాన్ని శాస్త్రలోకానికి పరిచయం చేసిన జార్జ్ షా కూడా ఎవరైనా అతికించి మోసం చేశారేమోనన్న సందేహాన్ని దాచుకోలేదు. ఆ జంతువు గుడ్లు పెడుతుందని ఆస్ట్రేలియా ఆదివాసులు మొదటినుంచీ చెబుతూనే ఉన్నారు. పండితులు 80 ఏళ్ళకు పైగా వాదించుకున్నారు. 1884లో విలియం కాల్డ్‌వెల్ నది ఒడ్డున గుడ్లు సంపాదించి, టెలిగ్రాం కొట్టాక వాదన ఆగింది.

తెలుసుకున్నకొద్దీ ప్లాటిపస్ ఇంకా వింతగా తయారైంది. కళ్ళు, చెవులు, ముక్కుపుటాలు మూసుకుని నీళ్ళలో దిగి, ఎర కండరాల్లో పుట్టే సన్నటి విద్యుత్తును తన ముక్కు చర్మంతో పసిగట్టి వేటాడుతుంది. మగదాని వెనక కాళ్ళకి విషపు ముల్లుంటుంది. దానికి జీర్ణాశయం లేదు, గొంతు నుంచి తిన్నగా పేగుల్లోకే దారి. తల్లికి చన్ను మొనలు లేవు, పాలు చర్మంమీద ఊరితే పిల్లలు నాకి తాగుతాయి.

ఊరికి తెలుసు, లోకానికి తెలియదు

కాంగో అడవుల్లో జీబ్రా చారల కాళ్ళు, గోధుమరంగు ఒళ్ళు ఉన్న జంతువుంది. బ్రిటిష్ అధికారి హారీ జాన్‌స్టన్‌కి దాని గురించి చెప్పింది అడవిలో పుట్టిపెరిగిన మ్బుటి ప్రజలు. ప్యారిస్ ప్రదర్శనలో బొమ్మల్లా నిలబెట్టడానికి కొందరిని ఎత్తుకుపోతుంటే ఆయన విడిపించాడు. మాటల్లో ఓకాపి సంగతి బయటపడింది. గుర్రం జాతి అనుకుని వెతికారు. 1901లో పుర్రె, చర్మం దొరికాక అది జిరాఫీకి చుట్టమని తెలిసింది. దాని నాలుక ఎంత పొడవంటే, తన చెవుల్ని తానే నాకి శుభ్రం చేసుకోగలదు.

ఇండోనేషియాలోని కొమోడో దీవిలో మంటలు కక్కే డ్రాగన్ ఉందన్న పుకారు విని 1910లో ఒక డచ్చి లెఫ్టినెంటు వెళ్ళి పెద్ద ఉడుమును చూశాడు. దీవివాసులకి అది 'ఓరా'. ప్రపంచంలోకెల్లా పెద్ద బల్లి జాతి అదే. 1926లో దాన్ని వెతుకుతూ వెళ్ళిన అమెరికన్ డగ్లస్ బర్డెన్ సాహసయాత్ర 'కింగ్‌కాంగ్' సినిమా ఆలోచనకి ప్రేరణ అయింది. మగదానితో పని లేకుండానే ఆడ ఉడుము పిల్లల్ని కనగలదని 2006లో ఇంగ్లండులోని చెస్టర్ జూలో రుజువైంది.

ఇక సీలకాంత్. డైనోసార్లతోపాటే ఈ చేప అంతరించిందని పుస్తకాలన్నీ రాశాయి. 1938 డిసెంబరులో దక్షిణాఫ్రికాలోని ఈస్ట్ లండన్ రేవులో, మ్యూజియం ఉద్యోగిని మార్జరీ కోర్ట్నీ లాటిమర్ చేపల కుప్పలో నీలిరంగు ఈతరెక్క ఒకటి చూసి ఆగిపోయింది. బొమ్మ గీసి చేపల శాస్త్రవేత్త జేఎల్‌బీ స్మిత్‌కి పంపింది. ఆయన రెండోది కావాలంటూ 100 పౌండ్ల బహుమానం ప్రకటించి కరపత్రాలు పంచితే, 14 ఏళ్ళకి కొమొరో దీవుల్లో దొరికింది. అక్కడి జాలర్లకి అదేమంత కొత్త కాదు. 'గొంబెస్సా' అంటారు దాన్ని, తినడానికి పనికిరాదని పక్కన పడేసేవారు. శాస్త్రం 6 కోట్ల ఏళ్ళ కిందట పోయిందనుకున్న చేప, వాళ్ళ వలల్లో అప్పుడప్పుడూ పడుతూనే ఉండేది.

బతికున్న రికార్డులు

కథలకి అందని కొన్ని నిజాలు ఇక్కడ ఒక్కచోట.

అన్నిటికన్నా పెద్దది: నీలి తిమింగలం. డైనోసార్లను కలుపుకున్నా భూమ్మీద పుట్టిన జంతువుల్లో దీన్ని మించిన బరువు ఏదీ తూగినట్టు ఖాయంగా రుజువు కాలేదు. 30 మీటర్ల దాకా పెరుగుతుంది. 2014లో కెనడా తీరానికి కొట్టుకొచ్చిన తిమింగలం గుండె ఒక్కటే 180 కిలోలు.

కచ్చితంగా వయసు లెక్కించినవాటిలో అన్నిటికన్నా ఎక్కువ బతికినది: ఐస్‌లాండ్ దగ్గర 2006లో తీసిన ఆల్చిప్ప. పెంకుమీది గీతలు లెక్కిస్తే వయసు 507 ఏళ్ళు. అంటే 1499లో పుట్టింది. శ్రీకృష్ణదేవరాయలు పట్టాభిషిక్తుడయ్యే నాటికి దానికి పదేళ్ళు.

వెన్నెముక ఉన్నవాటిలో దీర్ఘాయువు: గ్రీన్‌లాండ్ సొరచేప. 2016 పరిశోధన ప్రకారం ఒకదాని వయసు తక్కువలో తక్కువ 272 ఏళ్ళు.

ఆగకుండా ఎగిరిన దూరం: 2022 అక్టోబరులో, ఐదు నెలల వయసున్న ఒక గాడ్విట్ పక్షి అలాస్కాలో బయల్దేరి టాస్మానియాలో దిగింది. 11 రోజులు, 13,560 కిలోమీటర్లు. మధ్యలో తిండి లేదు, నీళ్ళు లేవు, వాలిందీ లేదు.

వేగం: భైరి డేగ ఎరమీదికి దూకినప్పుడు గంటకి 300 కిలోమీటర్లు దాటుతుంది.

పొడవులో అన్నిటికన్నా చిన్న పాలిచ్చే జంతువు: థాయ్‌లాండ్, మయన్మార్ గుహల్లోని పందిముక్కు గబ్బిలం. బరువు సుమారు 2 గ్రాములు.

మొండి ప్రాణం: టార్డిగ్రేడ్. సాధారణంగా మిల్లీమీటరు కూడా ఉండదు. 2007లో అంతరిక్షంలో గాలి లేని చోట పది రోజులు ఆరుబయట ఉంచినా కొన్ని బతికి తిరిగొచ్చాయి.

ఒంటిమీద పొలుసులు: పాలిచ్చే జంతువుల్లో ఇవి ఉన్నది అలుగుకి ఒక్కదానికే. నల్లమలలోనూ ఉంటుంది. లోకంలో దొంగచాటుగా అత్యధికంగా అమ్ముడుపోతున్న అడవి జంతువుల్లో ఒకటి కావడం దాని దురదృష్టం.

పురాణాల పేర్లు పెట్టుకున్నవి

మెక్సికోలో అజ్టెక్‌ల దేవుడు షొలోట్ల్ బలి నుంచి తప్పించుకోవడానికి రూపాలు మార్చి, చివరికి నీటిలో ఆక్సొలాటల్‌గా దాక్కున్నాడని కథ. ఈ ఉభయచరం జీవితాంతం చిన్నపిల్ల రూపంలోనే ఉండిపోతుంది. కాలు తెగితే ఎముకతో సహా మళ్ళీ మొలిపించుకుంటుంది. ప్రయోగశాలల్లో, ఇళ్ళలోని గాజు తొట్లలో ఎక్కడ చూసినా ఉంది. సొంతూరైన సొచిమిల్కో కాలువల్లో మాత్రం 1998లో చదరపు కిలోమీటరుకి 6,000 ఉన్నవి 2014 నాటికి 36కి పడిపోయాయి.

కేరళలో మహాబలి కప్ప అని ఒకటుంది. పాతాళం నుంచి ఏడాదికోసారి తన ప్రజల్ని చూడటానికి వచ్చే చక్రవర్తిలాగే, ఊదారంగులో ఉబ్బినట్టుండే ఈ కప్ప ఏడాది పొడవునా భూమిలోపలే ఉండి, తొలకరి వానలకి కొద్ది రోజులు పైకొస్తుంది. 2003లో ఎస్‌డీ బిజు, ఫ్రాంకీ బోసుయిట్ దాన్ని శాస్త్రీయంగా వర్ణించారు. దానికి దగ్గరి చుట్టాలు ఎక్కడో హిందూ మహాసముద్రం మధ్య సీషెల్స్ దీవుల్లో ఉన్నాయి. ఈ రెండు నేలలూ ఒకటిగా ఉన్న కాలానికి ఈ కప్ప సాక్ష్యం.

మన కలగలుపు మృగాలు

మన ఊహ కూడా ఇలాంటి ప్రాణుల్ని ఎన్నింటినో కన్నది. ఏనుగుల్ని కాళ్ళతో పట్టుకుని ఎగిరే రెండు తలల గండభేరుండాన్ని విజయనగర ప్రభువు అచ్యుతదేవరాయలు నాణేలమీద ముద్రించాడు. సింహం ఒంటికి ఏనుగు తొండం తగిలించిన యాళి ఆ కాలపు ఆలయ మండపాల్లో స్తంభానికి ఒకటి చొప్పున ముందుకాళ్ళెత్తి నిలబడింది. గర్భగుడి ద్వారాలమీద, దేవుడి వెనక తోరణాలమీద నోరు తెరుచుకుని ఉండే మకరం సంగతి ఇంకా ఆసక్తికరం. శిల్పంలో దానికి ఏనుగు తొండం, నెమలి పించం కూడా వచ్చాయి. ఆ మాట మాత్రం ఉత్తరాదిన 'మగర్' అయి, చెరువులోని మామూలు మొసలికే పేరుగా మిగిలింది.

ఒడియా ఆదికవి సారళాదాసు మహాభారతంలోని నవగుంజరం అన్నిటికన్నా నాకు ఇష్టం. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక ఇలా తొమ్మిది ప్రాణుల కలయిక. అడవిలో అది ఎదురైనప్పుడు అర్జునుడు విల్లు ఎక్కుపెట్టాడు. దాని కాళ్ళలో ఒకటి తామర పట్టుకున్న మనిషి చెయ్యి అని గమనించగానే విల్లు దించి నమస్కరించాడు. తెలియని ప్రాణి కనిపిస్తే ఒక్క క్షణం ఆగి చూడమన్నంత పెద్ద మాట ఆ కథలో ఉంది. స్టెల్లర్ సముద్రపు ఆవు దగ్గర ఆ క్షణం ఎవరూ ఆగలేదు.

జటాయువు వారసులు

సీత కోసం రెక్కలు పోగొట్టుకున్న జటాయువుని తలచుకోని తెలుగిల్లు లేదు. ఆయన వంశమైన రాబందులు మాత్రం మన కళ్ళముందే మాయమయ్యాయి. 1990ల నుంచి పదిహేనేళ్ళలో తెల్లవీపు రాబందులు మన దేశంలో 99 శాతానికి పైగా తగ్గిపోయాయి. కారణం వేటో కరవో కాదు. పశువులకి నొప్పి తగ్గించడానికి ఇచ్చే డైక్లోఫెనాక్ మందు కళేబరంలో మిగిలి, దాన్ని తిన్న పక్షుల మూత్రపిండాల్ని పాడుచేసింది. 2004లో ఆ సంగతి బయటపడింది, 2006లో పశువులకి ఆ మందు వాడకాన్ని నిషేధించారు. 2023లో అలాంటివే మరో రెండు మందుల్నీ ఆపేశారు. తెలంగాణలో కుమురం భీం జిల్లా బెజ్జూరు అడవుల్లోని కొండచరియమీద రాబందులు గూళ్ళు కట్టుకున్నాయని తెలిసినప్పుడు పక్షి ప్రేమికులు పండగ చేసుకున్నారు.

మన ఊళ్ళో ఉన్న వింత

చివరి సొంతూరు కడప జిల్లా. కలివి పొదల మధ్య రాత్రిపూట తిరిగే చిన్న పక్షి కలివికోడి. ఎగరడంకన్నా పరుగెత్తడమే ఎక్కువ. 1848లో థామస్ జెర్డాన్ అనే సైనిక వైద్యుడు దాని గురించి రాశాడు. 1900లో ఒకసారి అనంతపురం ప్రాంతంలో కనిపించింది. ఆ తర్వాత 86 ఏళ్ళు అయిపు లేదు. పుస్తకాలు అంతరించిన జాతుల పట్టికలో దాన్ని చేర్చేశాయి.

బాంబే సహజ చరిత్ర సంఘం తరఫున వెతకడానికి వచ్చిన భరత్ భూషణ్ పట్టణాల్లో పండితుల్ని అడగలేదు. ఊళ్ళలో పక్షుల్ని పట్టేవాళ్ళకి బొమ్మ చూపించి అడిగాడు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఒక ఊరి వేటగాడు రాత్రివేళ టార్చి వెలుగులో దాన్ని పట్టుకున్నాడు. ఆ పక్షి ఎక్కువ కాలం బతకలేదు. దానివల్లే శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది, తెలుగుగంగ కాలువ దారి మారింది. తర్వాత పరిశోధకులు పొదల మధ్య ఇసుక పరిచి, తెల్లారి దానిమీద పడ్డ అడుగుజాడలు వెతుక్కునేవారు. కొన్నాళ్ళు కనిపించి, మళ్ళీ పదేళ్ళకు పైగా మాయమైంది. 2025లో పక్షి పరిశీలకులు చీకట్లో దాని కూతని రికార్డు చేయగలిగారు. లోకంలో ఇంకెక్కడా ఉన్నట్టు తెలియని ఆ పక్షి ఇంకా ఉంది, మన రాయలసీమ పొదల్లోనే ఉంది.

మ్బుటి ప్రజల ఓకాపిలాగే, కొమొరో జాలర్ల గొంబెస్సాలాగే కలివికోడికీ జెర్డాన్ రాకముందే పేరుంది. ఆ పేరు పెట్టినవాళ్ళెవరో మనకి తెలియదు. వాళ్ళు పొదని చూశారు, పక్షిని చూశారు, రెంటినీ కలిపి పిలిచారు. ఈసారి ఊరెళ్ళినప్పుడు పశువులు కాసిన తాతనో, వలలు వేసే మామనో కూర్చోబెట్టుకుని అడగండి. చెట్టుమీద, చెరువులో, చేనుగట్టున చిన్నప్పుడు చూసి ఇప్పుడు కనబడని ప్రాణి ఏదైనా ఉందా అని. వాళ్ళు చెప్పిన పేరు ఓ కాగితంమీద రాసిపెట్టండి. రేపు ఎవరైనా దాన్ని వెతుక్కుంటూ వస్తే, వాళ్ళకి ముందుగా కావలసింది ఆ పేరే.